కెప్టెన్ గారి భార్య

స్క్రిప్టు పన్నెండో పేజీ దగ్గర రసెల్ డాంబెక్ చూపు ఆగిపోయింది. 'కెప్టెన్ తలుపు తీసుకుని లోపలికి వస్తాడు. దగ్గుతాడు' అని రాసి ఉంది. అంతే. ఎందుకు దగ్గుతాడో లేదు. దగ్గినందుకు ఎవరూ ఏమీ అనరు. దగ్గి, టోపీ కొక్కేనికి తగిలించి, తినడానికి ఏముందని భార్యని అడుగుతాడు.

టీవీలో ఎవరూ ఊరికే దగ్గరు. నిజం మనుషులకైతే దుమ్ము పడదు, జలుబు చేస్తుంది, కాఫీ పొలమారుతుంది. టీవీ మనిషికి అలాంటి అదృష్టం లేదు. ఈ వారం దగ్గాడంటే వచ్చే వారం చేతిరుమాలు మీద నెత్తురు కనపడాలి. ఆ పై వారం డాక్టరు ఎక్స్‌రేని దీపానికి ఎదురుగా పట్టుకుని పెదవి విరవాలి. ఆ తర్వాత వాన, నల్ల గొడుగులు, పాదిరి. ఈ సంగతి టీవీ స్టూడియోలుండే ఈ బర్‌బాంక్‌లో కార్లు పార్కు చేసేవాణ్ణి అడిగినా చెబుతాడు.

రసెల్ ఆ పేజీ మళ్ళీ చదివాడు. కారవాన్ కిటికీ తెర తొలగించి బయటికి చూశాడు. కేబుళ్ళు మోసేవాళ్ళు కేబుళ్ళు మోస్తున్నారు. ఎడారి మీదుగా వచ్చిన వేడిగాలి స్టూడియో గోడల మధ్య దుమ్ము రేపుతోంది. అంతా మామూలుగానే ఉంది. అదే అతనికి నచ్చలేదు.

ఏడేళ్ళుగా అతను కెప్టెన్ వాల్ట్. అమెరికా ఈశాన్య మూలనున్న మెయిన్ రాష్ట్రంలో, మంచు కురిసే ఒక రేవు ఊరికి పోలీసు కెప్టెన్. ఆ రేవూ, ఆ మంచూ, పోలీసు స్టేషనూ అన్నీ ఈ ఎండలోనే, మూడో నంబరు షెడ్డు లోపల ఉన్నాయి. సూపర్‌మార్కెట్లో బంగాళాదుంపలు ఏరుకుంటూంటే ముసలమ్మలు దగ్గరికొచ్చి "కెప్టెన్, ఆ డాటీని చలిలో బయటికి పంపకయ్యా, మోకాళ్ళు పాడైపోతాయి" అని మందలించి పోతుంటారు. డాటీ అంటే సీరియల్లో అతని భార్య. ఆ వేషం వేసేది నోరీన్ టల్లీ. ఇది రాకముందు రసెల్ అందరి సీరియళ్ళలోనూ ఉండేవాడు. ఒకచోట శవాన్ని మొదట చూసినవాడు, ఇంకోచోట జడ్జి, మరోచోట లిఫ్టులో హీరో పక్కన నిలబడ్డవాడు. ఈ వేషం పోతే మళ్ళీ ఆడిషన్ జరిగే గది బయట, తనలాగే నెరిసిన మీసాలున్న మనుషుల వరసలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. అరవై మూడేళ్ళ వయసులో ఆ కుర్చీ తలుచుకుంటేనే అతనికి నడుం పట్టేసినట్టు ఉండేది.

స్క్రిప్టు చంకలో పెట్టుకుని మేకప్‌కి వెళ్ళాడు. మేకప్ చేసే లూపె అతని మెడచుట్టూ గుడ్డ కట్టి, వేణ్ణీళ్ళలో పిండిన తువ్వాలు కళ్ళమీద వేసింది. తర్వాత ఒక కప్పు తెచ్చి చేతిలో పెట్టింది.

"ఏంటిది?" అన్నాడు రసెల్, తువ్వాలు కింద నుంచే.

"తేనె వేసిన టీ. తాగండి కెప్టెన్."

"ఏడేళ్ళల్లో నువ్వెప్పుడూ నాకు టీ ఇవ్వలేదే?"

"ఏడేళ్ళల్లో మీరెప్పుడూ ఇలా ఖళ్ళు ఖళ్ళుమనలేదుగా. నిన్నంతా మీ దగ్గుకి నా చెయ్యి అదిరి, కనుబొమ్మ రెండుసార్లు గీశాను."

"ఎవరు ఇమ్మన్నారు?"

"టీ ఇమ్మనా? ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు," అంది లూపె. "నోరు మూసుకుని తాగండి, పెదవులకి రంగెయ్యాలి."

రసెల్ తాగలేదు. టీవీ లోకంలో పని పోయేవాడికి ఆ సంగతి ముందుగా జాలి రూపంలో వస్తుంది. మూడేళ్ళ కిందట శవపరీక్ష డాక్టరు వేషం వేసే పెద్దాయనకి ఉన్నట్టుండి అందరూ కేకు ముక్కలు తెచ్చిపెట్టడం మొదలెట్టారు. ఆయన మురిసిపోయి, అవన్నీ తిన్నాడు. తరువాత వారం స్క్రిప్టులో లైట్‌హౌస్ మెట్లమీంచి జారి చచ్చిపోయాడు. అప్పట్నుంచి ఎవరైనా తనకి తీపి పెడితే రసెల్ ముందు వాళ్ళ కళ్ళలోకి చూస్తాడు.

టిఫిను బండి దగ్గర వంటవాడు అడక్కుండానే గుడ్డు చుట్టిన రొట్టె అందించి, "అవకాడో కాస్త ఎక్కువేశాను కెప్టెన్" అన్నాడు. రసెల్‌కి ఆ కేకు ముక్కలు గుర్తొచ్చాయి. ఆ రొట్టె అలాగే కాగితంలో చుట్టి పట్టుకుని, కథ రాసేవాళ్ళుండే బంగళా వైపు నడిచాడు. లోపలికి వెళ్ళే ధైర్యం లేదు. ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో చూద్దామని.

నోరీన్ బయటికొచ్చింది.

గుమ్మంలో ప్రధాన రచయిత్రి ఆనీ బెద్రోసియన్ ఆమె భుజం తట్టి ఏదో అంది. నోరీన్ చిన్నపిల్లలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. గుడ్డసంచి ఒకటి గుండెకి హత్తుకుని మెట్లు దిగి, రసెల్‌ని చూడగానే దాన్ని వెనక్కి దాచేసింది. అరవై దాటిన మనిషి, కెమెరా ముందు ఎన్నో పెళ్ళిళ్ళూ విడాకులూ చూసిన మనిషి, బుగ్గలు ఎర్రబడి నిలబడింది.

"ఇక్కడేం చేస్తున్నావోయ్?" అంది.

"గాలి పీలుస్తున్నా. ఏంటా సంచి?"

"ఆడవాళ్ళ సంచిలో ఏముందని అడక్కూడదని మీ అమ్మ చెప్పలేదా?"

"లోపల ఏం మాట్లాడారు?"

"నీ గురించే," అని ఒక్క క్షణం ఆగి, "నీ దగ్గు గురించి. గుర్రం సకిలించినట్టుంది. ఉండు, నీకోసం కోడి సూపు తెచ్చాను. ఫ్లాస్కులో ఉంది, పంపిస్తా. చల్లారనివ్వకుండా తాగు."

సూపు కూడానా! రసెల్‌కి ఇక అనుమానం ఏమీ మిగల్లేదు. కెప్టెన్ పోతాడు. డాటీ నల్ల బట్టలు కట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఎనిమిదో ఏడంతా ఆమె కన్నీళ్ళ మీద నడుస్తుంది, చివర్లో ఆమెకి అవార్డు కూడా ఇస్తారు. ఆ సంగతి ఆమెకి చెప్పేశారు. చెప్పద్దని కూడా చెప్పారు. అందుకే ఆ సిగ్గు, ఆ నవ్వు, ఈ సూపు. ఫ్లాస్కు వచ్చాక మూత తీసి వాసన చూశాడు. కమ్మగా ఉంది. కారవాన్ మెట్ల పక్కన కుండీలోని మొక్కకి పోసేశాడు.

ఆ రోజు షాట్ వంటింట్లో. అతను తలుపు తీసుకుని వచ్చాడు, గొంతు సవరించుకున్నాడు, టోపీ తగిలించాడు.

"రస్, దగ్గు?" అన్నాడు దర్శకుడు గ్రెగ్.

"దగ్గానుగా."

"అది దగ్గా? పక్కింటి అమ్మాయిని పిలిచినట్టుంది. మళ్ళీ చేద్దాం."

మళ్ళీ చేశాడు. దగ్గు ఎంత చిన్నదైతే రోగం అంత చిన్నదవుతుందన్నట్టు, దాన్ని గొంతులోనే నొక్కేశాడు. గ్రెగ్ మళ్ళీ అన్నాడు. నాలుగో ఐదో సారికి, అంతసేపు నొక్కిపెట్టిన అసలు దగ్గు ఒక్కసారిగా తెగబడింది. కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా, బల్ల పట్టుకుని వంగిపోయేదాకా దగ్గాడు. "అద్భుతం!" అన్నాడు గ్రెగ్. నోరీన్ పరుగున వచ్చి వీపు రాసింది. దీపాలు పట్టుకున్నవాళ్ళు కూడా అయ్యో పాపం అన్నట్టు చూశారు. ఆ చూపుల్ని అతను ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కోటు జేబులో ఫోను గుర్రుమంది. ఆనీ పేరు.

ఆ పనిలో ఒక మర్యాద ఉంది. ఒక వేషాన్ని చంపేటప్పుడు ప్రధాన రచయిత స్వయంగా ఫోన్ చేసి ఆ నటుడికి చెప్పాలి. చెప్పాకనే ఆ స్క్రిప్టు మిగతావాళ్ళకి పంచాలి. అందుకని ఆనీ పేరు ఫోన్లో కనపడితే ఎంత పెద్ద నటుడికైనా చేతులు చల్లబడతాయి. రసెల్ ఎత్తలేదు. గ్రెగ్ కెమెరా జరిపిస్తున్నంతలో మళ్ళీ మోగింది. తర్వాతి షాట్‌కి కోటు విప్పాలి. ఏం చెయ్యాలో తోచక, ఫోను తీసి డాటీ వంటింటి అలమరలో రొట్టెల డబ్బాలో పెట్టి మూతేశాడు.

"యాక్షన్" అన్నాక డాటీ భర్త పళ్ళెంలో బఠాణీలు వడ్డిస్తూ, "ఇవాళ స్టేషన్లో ఏమైంది వాల్ట్?" అంది. రొట్టెల డబ్బా గుర్రుమంది.

"కట్! ఎవరిదది? డబ్బాలో ఫోను పెట్టిన మహానుభావుడు ఎవరు?"

రసెల్ కూడా అందరితోపాటు అటూ ఇటూ చూశాడు.

సాయంత్రం ఇంట్లో అతని అసలు భార్య కార్మెన్ అంతా విని, పళ్ళెంలో అన్నం, చిక్కుళ్ళు పెట్టి ముందుకి తోసింది.

"అయితే ఫోన్ ఎత్తకపోతే నువ్వు చావవా?"

"చెప్పకుండా స్క్రిప్టు పంచకూడదు. అది పద్ధతి."

"మరింకేం! జన్మలో ఎత్తకు. అమరుడివైపోతావు."

"నీకు నవ్వులాటగా ఉంది."

"ఏడేళ్ళుగా ప్రతి ఏడూ నిన్ను చంపేస్తున్నారనే అంటున్నావు. ఒకసారి టోపీ మార్చారని, ఒకసారి కారు మార్చారని. పోనీ నోరీన్‌ని అడగరాదూ?"

"ఆవిడకి తెలుసు. అందుకే దాస్తోంది. నేను పోతే లాభం ఎవరికి? ఆవిడకే."

కార్మెన్ గరిటె కింద పెట్టింది. "ఏ నోరీన్? నా తుంటి విరిగినప్పుడు రోజూ వచ్చి నన్ను వ్యాయామానికి తీసుకెళ్ళిన నోరీనేనా?"

"అందుకే జాలి పడుతోంది అంటున్నా. సూపు ఊరికే పెడతారా?"

"దగ్గుకి పెడతారు," అంది కార్మెన్. "నీకు పిచ్చి ముదిరింది. తిను."

రసెల్ తినలేదు. గిన్నెలు తను తోముతానని లేచాడు. కుళాయి కింద చేతులు పెట్టి నిలబడ్డప్పుడు అతనికా ఆలోచన వచ్చింది. వాళ్ళకి కావలసింది ఒక చావు. ఎనిమిదో ఏటికి ఛానెల్ వాళ్ళు ఒప్పుకోవాలంటే ఏదో పెద్దది జరగాలని స్టూడియో అంతా గొణుక్కుంటోంది. ఆ చావు కెప్టెన్‌దే కావాలని ఎక్కడా లేదు. కడిగిన పళ్ళెమే మళ్ళీ కడుగుతూ ఆ ఆలోచనని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అది తప్పుడు ఆలోచనని అతనికి తెలుసు. కాని తనమీదికి దూసుకొస్తున్న దెబ్బని పక్కకి తోసుకోవడమే కదా, ముందు మొదలెట్టింది వాళ్ళే కదా అనుకున్నాడు.

మర్నాడు ఆనీ ఇంకా బంగళా తాళం తీస్తూండగానే ఆమె వెనక నిలబడ్డాడు.

"అమ్మయ్య, దొరికారు! నిన్నటినుంచి మీకోసం—"

"ముందు నన్ను చెప్పనీ," అన్నాడు రసెల్.

లోపల గోడ నిండా రాబోయే కథల కార్డులు గుచ్చి ఉన్నాయి. రసెల్ ఓరకంట వాటిమీద తన పేరు వెతుకుతూండగా ఆనీ వచ్చి వాటికి అడ్డంగా బల్లకానుకుని నిలబడింది. అతనికన్నా పాతికేళ్ళు చిన్నది. చేతిలో బాదం పప్పులు.

"నన్ను చంపాలనుకుంటున్నారని నాకు తెలుసు ఆనీ."

ఆమె నములుతున్నది ఆపేసింది. "ఎవరన్నారు?"

"దగ్గు."

"ఏ దగ్గు? ఓ, అదా!" ఆమె పగలబడి నవ్వింది. "పోయినవారం షాట్‌లో మీరు నిజంగానే దగ్గారు. షాట్ బావుందని ఉంచేశాం. దానికి సరిపోవాలి కదా అని ఇక్కడొకటి రాశాం. అంతకన్నా ఏం లేదు కెప్టెన్, ఒట్టు."

రసెల్ కూడా నవ్వాడు. ఎంత చక్కగా చెప్పింది! వేటు వెయ్యదలుచుకున్నవాళ్ళ దగ్గర జవాబు ఇలా నాలిక చివరే ఉంటుంది. శవపరీక్ష డాక్టరుకి కూడా, మీరు లేకపోతే సీరియలే లేదని చెప్పారు.

"సరే, అలాగే అనుకుందాం," అన్నాడు. "కాని ఛానెల్ వాళ్ళకి ఒక చావు కావాలి. అవునా?"

ఆనీ మాట్లాడలేదు. అది నిజమే గనక మాట్లాడలేదు. రసెల్ మాత్రం తన చావుకి అది సంతకమనుకున్నాడు.

"కెప్టెన్ పోతే ఏముంది? తుపాకీ కట్టుకు తిరిగేవాడు ఎప్పుడో పోతాడని చూసేవాళ్ళంతా ఎదురుచూస్తూనే ఉన్నారు. అదే డాటీ పోతే?"

చెప్పడం చాలదనిపించి లేచి నిలబడ్డాడు. గది తలుపు తీసుకుని బయటికెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చాడు. లేని టోపీ లేని కొక్కేనికి తగిలించాడు. "తినడానికి ఏముంది?" అని అడిగాడు. కాసేపు ఆగి, జవాబు రాక, ఇంకోసారి అదే మాట మెల్లిగా అడిగాడు. తర్వాత కుర్చీ లాక్కుని, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీకేసి చూస్తూ కూర్చున్నాడు. ఎక్కువేమీ చెయ్యలేదు. చేతులు బల్లమీద పెట్టి, ఏ వేలు ఎక్కడుండాలో తెలియనట్టు కదిపాడు, అంతే. ఇంత బాగా చేసి ఎన్నాళ్ళైందో అతనికే తెలియలేదు.

ఆనీ బాదం పప్పులు బల్లమీద పోసేసింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. అంతకన్నా భయంకరంగా, ఆ కళ్ళలో వెలుగు వచ్చింది.

"నోరీన్ మీకు మంచి స్నేహితురాలు కదా?" అంది.

"స్నేహానికీ కథకీ ఏం సంబంధం?"

ఆ మాట కెప్టెన్ గొంతులో వచ్చింది. ఆనీ అప్పటికే ఒక ఖాళీ కార్డు తీసుకుని పెన్ను మూత పళ్ళతో లాగుతోంది. గుమ్మందాకా వెళ్ళి రసెల్ వెనక్కి తిరిగాడు. "ఇంతకీ ఫోన్ ఎందుకు చేశావు?"

ఆమె గోడమీద ఒక కార్డు వైపు చూసి, చెయ్యి చాచి దాన్ని పీకి, బల్లమీద బోర్లా పెట్టింది. "వద్దులెండి. ఇప్పుడది అనవసరం."

ఆ రోజు అతను తేనె టీ తాగాడు. అవకాడో ఎక్కువ వేసిన రొట్టె రెండు తిన్నాడు.

* * *

రెండు వారాలు గడిచాక నోరీన్ అతని కారవాన్ తలుపు తట్టింది. మేకప్ తీసేసి ఉంది. లోపలికొచ్చి, అడక్కుండానే అతని సోఫాలో కూర్చుని, చెప్పులు విడిచి కాళ్ళు పైకి పెట్టుకుంది.

"నేను చచ్చిపోతున్నాను రస్."

అతను అద్దంలోంచి ఆమెకేసి చూశాడు. తిరిగి చూడలేకపోయాడు.

"ఆనీ ఫోన్ చేసింది. సూపర్‌మార్కెట్లో ఉన్నాను. పాలు తీసుకుంటున్నాను. గుండెపోటట. వంటింట్లో, ఒంటరిగా. తర్వాత ఆసుపత్రిలో ఒక సీను ఉంది, అందులో నాకు మాటల్లేవు. మంచి అమ్మాయి, ఏడ్చింది కూడా. నేనే ఓదార్చాల్సొచ్చింది."

"ఎందుకని అడిగావా?"

"కథ అటు నడిచిందంది. కథకి కాళ్ళున్నాయా, తనంతట తను నడవడానికి? ఎవడో నడిపించాడు." ఆమె అరికాలు నొక్కుకుంది. "ఎవరంటావు? ఛానెల్ వాళ్ళా? గ్రెగ్ అంటావా?"

"ఏమో," అన్నాడు రసెల్. తన పేరు ఆమెకి చెప్పలేదని తెలిసి అతని గుండె తేలికపడింది. తేలికపడినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"నీకైతే ఇంకో వేషం వస్తుంది. నీ మీసాలు తెల్లబడేకొద్దీ జడ్జీలు, ప్రెసిడెంట్లు ఇస్తారు. నా వయసు ఆడదానికి ఏమిస్తారు? ఎవరికో అమ్మమ్మ. అదీ మంచం మీద." ఆమె నవ్వబోయి మానేసింది. "తమాషా ఏంటో తెలుసా? మొన్నటిదాకా వేరే కథ. ఇప్పుడు చెప్తే తప్పేం లేదు. కెప్టెన్‌కీ డాటీకీ పెళ్ళై ముప్ఫై ఏళ్ళని ఊరంతా పండగ చేస్తారు. చివర మనిద్దరం రేవు దగ్గర, మంచులో వాల్ట్జ్ డాన్సు వెయ్యాలి. ఒక్క మాటా లేకుండా, పాట మొత్తం."

రసెల్ చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"నీకు చెప్పద్దంది. నీ మోకాలు ఒప్పుకుంటుందో లేదో తనే ఫోన్ చేసి అడుగుతానంది. నేను ఆగలేక పాఠాలకి కూడా వెళ్ళాను. ఆ రోజు సంచిలో ఏముందని అడిగావే, డాన్సు బూట్లు. నేర్చేసుకుని నీ కాళ్ళు తొక్కకుండా నిన్ను ఆశ్చర్యపరుద్దామని. ఫోన్ చేసిందా నీకు?"

"చేసింది."

"మరేమన్నావు?"

"ఎత్తలేదు."

"ఎత్తకపోవడమేంటి? అదీ ఒక పద్ధతేనా?" అంది నోరీన్. అంతకంటే కోపం తెచ్చుకోవడానికి ఆమెకి ఓపిక లేకపోయింది. లేచి, చెప్పులేసుకుని, వెళ్తూ వెళ్తూ అద్దంలో అతని తల వెనక లేచిన జుట్టు అరచేత్తో నొక్కి సరిచేసింది. ఏడేళ్ళుగా ప్రతి షాట్‌కి ముందూ అలాగే చేసేది.

ఆ తర్వాత రోజులు రసెల్‌కి నరకమే. ఇదివరకు ఎవరు ఏం దాస్తున్నారో అని అందర్నీ చూసేవాడు. ఇప్పుడు ఎవరికి ఎంత తెలుసో అని చూస్తున్నాడు. లూపె మౌనంగా ఉంటే తెలిసిపోయిందనుకున్నాడు, మాట్లాడితే కూపీ లాగుతోందనుకున్నాడు. ఆనీ కారిడార్లో ఎదురై "అంతా మీ చలవే కెప్టెన్" అనబోతే, ఆ మాట పూర్తి కాకముందే మూత్రానికని పరుగెత్తాడు. నోరీన్‌కి మాత్రం ఎవరూ టీ ఇవ్వలేదు. ఆమె ఎదురొస్తే అందరూ ఫోన్లు చూసుకోసాగారు. జాలికి కూడా ఒక వయసు దాటాక గిరాకీ లేదు కాబోలు. ఆమె రోజూ వేళకి వచ్చి, ఒక్క మాట తప్పకుండా తన భాగం చేసుకుపోయింది.

ఆసుపత్రి సీను రోజు. గది మూడు గోడలది, నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరా. నోరీన్ మంచం మీద పడుకుని ఉంది. లూపె ఆమె పెదవులకి బూడిదరంగు అద్ది, బుగ్గలకి పౌడరు తట్టి, తను వెనక్కి తిరిగి ముక్కు తుడుచుకుంది.

గ్రెగ్ వచ్చి రసెల్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "దీనికి మాటల్లేవు రస్. పైన సంగీతం వేస్తాం. మైకు కూడా పెట్టట్లేదు. కెప్టెన్ ఆమె చెయ్యి పట్టుకుంటాడు, వంగుతాడు, చెవిలో ఏదో చెప్తాడు. ఏం చెప్పాడో ఎవరికీ వినపడదు. నీకు తోచింది గొణుగు. కావాలంటే కూరగాయల పేర్లు చెప్పు."

"యాక్షన్."

రసెల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. ఏం గొణగాలో ముందే అనుకుని వచ్చాడు, వీడ్కోలు మాటలేవో. వంగాడు. ఆమె చెవి దగ్గర పౌడరు వాసన, దాని కింద ఏడేళ్ళుగా తనకి తెలిసిన లావెండరు సబ్బు వాసన. అనుకున్న మాటలు కాక వేరేవి వచ్చాయి.

"నేనే చెప్పాను నోరీన్," అన్నాడు. "ఆనీకి నేనే చెప్పాను, నిన్ను చంపమని. నన్ను చంపుతారనుకున్నాను. నీకు తెలుసనుకున్నాను. నీ సూపు పారబోశాను. నన్ను చంపాలని వాళ్ళెవరూ అనుకోలేదు. నేనే వెళ్ళి, ఆ గదిలో నటించి మరీ చూపించాను."

కెమెరా నడుస్తోంది. చచ్చినవాళ్ళు కదలకూడదు. నోరీన్ ముఖంలో ఒక్క గీత కదల్లేదు, రెప్ప అదరలేదు, ఊపిరి ఎక్కడ ఆపిందో కూడా తెలియలేదు. అతని చేతిలో ఉన్న ఆమె వేళ్ళు మాత్రం, కెమెరాకి కనపడనివి, బిగుసుకుపోయాయి. రసెల్ ఆ వేళ్ళ మీద ముఖం పెట్టి ఏడ్చాడు. అది నటన కాదు. ఎలా ఆపాలో అతనికి తెలియలేదు.

"కట్!"

ఎవరో చప్పట్లు కొట్టారు, ఆ పైన అందరూ కొట్టారు. గ్రెగ్ గబగబా వచ్చి రసెల్ భుజం పట్టి ఊపేశాడు. అతని కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

"ఏం చెప్పావో నాకు తెలీదు, తెలియక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళల్లో ఇలాంటిది చూళ్ళేదు. ఇప్పుడు ఇటు తిప్పి నోరీన్ ముఖం మీద పెడతాను కెమెరా. అదే చెప్పు. అచ్చం అలాగే, అన్ని మాటలూ."

"వద్దు గ్రెగ్," అన్నాడు రసెల్. "ఒక్కసారి చాలదా?"

"ఆవిడ వైపు లేకపోతే నేనెలా కలపను? రెండు వైపులా ఉండాలి కదయ్యా, కొత్తవాడిలా మాట్లాడతావేం?"

కెమెరా ఇటు జరిగింది. దీపాలు మార్చారు. అంతసేపూ నోరీన్ లేవలేదు. కళ్ళు తెరిచి పైన వేలాడే ఇనప దూలాలకేసి చూస్తూ పడుకుంది. లూపె వంగి, రసెల్ వంగినప్పుడు చెదిరిన పౌడరు చెవి పక్కన మళ్ళీ అద్దింది. నోరీన్ ఆమెకి థాంక్స్ చెప్పింది. తన చెయ్యి తనే ఎత్తి, ఇందాక ఎక్కడుందో సరిగ్గా అక్కడే, దుప్పటి మీద పెట్టింది.

"సిద్ధమేనా నోరీన్?" అన్నాడు గ్రెగ్.

"నేను సిద్ధమే," అంది. తర్వాత రసెల్ వైపు తల తిప్పకుండానే, పక్కవాళ్ళకి వినపడనంత మెల్లిగా, "ఈసారి మొదట్నుంచీ చెప్పు రస్," అంది. "తొందరపడకు. చచ్చినదాన్ని, ఎక్కడికీ పోను."

కళ్ళు మూసుకుంది. గ్రెగ్ "యాక్షన్" అన్నాడు. రసెల్ ఆమె చెయ్యి పట్టుకుని, వంగాడు.